బడి మిద్దె మీది ట్యాంకు

పోయిన వారం మా ఇంటి వెనక వీధిలోని ఒక ప్రైవేటు బడి వాళ్లు వచ్చి, రిటైరైన సైన్సు టీచరు దగ్గర్లోనే ఉందని ఎవరో చెప్పగా విని, తమ పిల్లలు ‘చేతులతో నేర్చుకునే పండుగ’ చేసుకుంటున్నారు, పెద్దవారు మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి అని పిలిస్తే, కాదనలేక వెళ్లాను. బల్లల మీద ప్లాస్టిక్ పళ్లేలలో జల్లించి ఆరబెట్టిన మట్టి, పిల్లల చేతులకు పల్చటి తొడుగులు. ఒక్కొక్కరూ వరుసలో వచ్చి మట్టిలో వేళ్లు ముంచడం, ఫోటో తీయగానే పక్కకు జరిగి ఆయా పట్టుకున్న సీసాలోని మందుతో చేతులు తుడుచుకుని పోవడం. పన్నెండేళ్ల పిల్ల ఒకతి తొడుగు విప్పేసి చిటికెడు మట్టిని వాసన చూడబోతే వాళ్ల టీచరు ఛీ ఛీ అని చెయ్యి మీద ఒక్కటి వేసింది. నాకు రోత పుట్టింది. మట్టికి కాదు, ఆ తంతుకు. నాలుగు మంచి మాటలు చెప్పి, వాళ్లు కప్పిన శాలువాతో ఇంటికొచ్చి, దాన్ని కుర్చీ మీద పడేశాను.

నన్నెరిగిన వాళ్లు ఈ మాట వింటే నవ్వుతారు, ఎందుకంటే అన్నిటినీ చీదరించుకోవడంలో నన్ను మించినవాళ్లు మా వంశంలో లేరు. మేము మగ్గం మీద బతికిన వాళ్లం. తేలియా రుమాళ్ల కోసం మా బాపు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండకేసి, మళ్లీ నానబెట్టేవాడు. ఆ ముక్కిన నూనె కంపు మా ఇంటి గోడలకూ, మా అమ్మ చీరలకూ, చివరికి మేము తినే జొన్నరొట్టెకూ పట్టి ఉండేది. బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకున్న రోజునే అనుకున్నాను, చేతికి ఏదీ అంటని పని చేసుకుని బతకాలని. చాక్‌పీసు పొడి తప్ప మరేదీ అంటని ఉద్యోగం కాబట్టి టీచరునయ్యాను. అట్లాంటిదాన్ని జీవశాస్త్రం చెప్పడానికి పెట్టారు! కాలేజీలో బొద్దింకను కోసిన పాపానికి నెల రోజులు అన్నం సయించలేదు. ఉద్యోగంలో చేరాక ఇరవై ఏళ్లకు పైగా కప్పనూ, పువ్వునూ, గుండెనూ రంగు చాక్‌పీసులతో బోర్డు మీదే కోశాను. నా బొమ్మలు చాలా బాగుండేవని అందరూ మెచ్చుకునేవారు కూడా.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నన్ను ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు బదిలీ చేశారు. ఊరి పేరు ఎందుకులెండి. పోచంపల్లి వైపు బస్సులో పోయి, దిగి, మళ్లీ ఆటో ఎక్కాలి. ఊళ్లో సగం మగ్గాల ఇళ్లు, సగం గొర్ల మందల వాళ్లు. ఏడో తరగతిలో పంతొమ్మిది మంది పిల్లలు. కొత్త పుస్తకాల నిండా కృత్యాలు, ప్రాజెక్టు పనులు. ‘చేసి చూడండి, గమనించండి, మీ మాటల్లో రాయండి’ అని ప్రతి పేజీలోనూ ఉండేది. మేమంతా ఏం చేసేవాళ్లమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు, ఎందుకంటే అందరూ అదే చేసేవారు. గైడులోంచి పిల్లల చేత ఎక్కించేవాళ్లం. గింజ నాటకుండానే మొలక పొడవు కొలిచేవాళ్లం. మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఆ విద్యాసంవత్సరం చివర రిటైరు కావలసినవాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి, రికార్డు శుభ్రంగా ఉంటే బడి శుభ్రంగా ఉన్నట్టేనని మనస్ఫూర్తిగా నమ్మేవాడు. నేనూ అట్లాంటిదాన్నే కాబట్టి మా ఇద్దరికీ మొదట్లో బాగానే కుదిరింది.

వర్షాలు మొదలైన రోజుల్లో నెమరు వేసే జంతువుల పాఠం వచ్చింది. బోర్డు మీద నాలుగు గదుల కడుపు బొమ్మ వేసి, నాలుగు రంగులు పూసి, మురిసిపోతూ వెనక్కి తిరిగేసరికి గొర్లకాపరి బిడ్డ ఒకతి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బక్కపలచటి పిల్ల, రెండు జడలకూ రెండు రకాల రిబ్బన్లు. ఎందుకు నవ్వుతున్నావంటే లేచి నిలబడి, భయం లేకుండా చెప్పింది.

“గట్లుండది టీచర్. పెద్ద పొట్ట గంత చిన్నగుంటదా? ఎల్లమ్మ పండుగకు మా బాపు గొర్రెను కోస్తడు, పట్టుకొస్త సూడుండ్రి.”

పిల్లలు ఏదో అంటారులే అని మర్చిపోయాను. పండుగ మర్నాడు పొద్దున ఆ పిల్ల అన్నంత పనీ చేసింది. అల్యూమినియం బేసినులో, మోదుగాకులు కప్పి, గొర్రె కడుపంతా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆకులు తీయగానే లేచిన ఆ వెచ్చటి పులిసిన కంపు, ఈగలు, ఆ బూడిదరంగు తోలు! నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుపోయాను. పిల్లలు మాత్రం బల్ల చుట్టూ మూగారు. ఆ పిల్ల లంగా మోకాళ్ల దాకా ఎగదోపి, చేతులు ముంచి, ఒక్కొక్క గదీ చీల్చి చూపించింది. మొదటిది తువ్వాలు నూగులాగా, రెండోది తేనెతుట్టెలాగా, మూడోది పుస్తకం పేజీల్లాగా, నాలుగోది జిగటగా నున్నగా. సగం నమిలిన గడ్డి తీసి తరగతిలోని మగ్గాల వాళ్ల పిల్లవాడొకడి చేతిలో పెట్టి, ఇది ఇంకా మళ్లీ నోట్లోకి పోవాల్సిన గడ్డి, ఇదిగో ఇది పోయి వచ్చిన గడ్డి అని తేడా చెప్పింది. నేను బయటికి పరుగెత్తి వంటగది వెనక పొద్దుట తిన్న ఉప్మా అంతా కక్కుకున్నాను. వంట చేసే ముసలమ్మ నా వీపు నిమిరి, మజ్జిగ ఇచ్చి, లోపల్లోపల నవ్వుకుంది.

కానీ ఆ రోజు ఏడో తరగతిలో పాఠం రాని పిల్ల లేదు. ఏటా నా రంగుల బొమ్మను వేసినవాళ్లకు బొమ్మ వచ్చేది, కడుపు వచ్చేది కాదు. ఆ సంగతి నాకు ఇరవై ఏళ్ల తర్వాత, అదీ ఒక బేసిను ముందు తెలియడం నామీద నాకే రోత పుట్టించింది. మర్నాడు గైడులన్నీ కట్టగట్టి బీరువాలో పడేశాను. ఆ తర్వాతి నాలుగు నెలలూ నా ఉద్యోగ జీవితంలో నేను నిజంగా పని చేసిన నెలలు. ముక్కు మూసుకుంటూనే వానపాముల గుంత తవ్వించాను. పసుపు కాగితాలు చేసి, సబ్బునీళ్లలో ఎర్రబడితే పిల్లలు కేకలు పెట్టడం చూశాను. మగ్గాల వాళ్ల పిల్లవాడు, ఎప్పుడూ గోళ్లలో నీలిరంగు ఉండేది వాడికి, చిటికి కట్టిన, అంటే రంగులో ముంచే ముందు అక్కడక్కడా దారంతో బిగించిన నూలు తెచ్చి, రంగు ఎక్కాల్సిన చోట వదిలి ఎక్కకూడని చోట ఎట్లా కడతారో, గళ్ల కాగితం మీది పువ్వు నూలు మీదికి ఎట్లా వస్తుందో చెబుతుంటే, లెక్కల సారు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ నూలు వాసన చూసి నాకు మా బాపు గుర్తొచ్చాడు. ఆయన చేతుల కంపుకు ముఖం తిప్పుకున్న ఆ పిల్లనేనా నేను అనుకున్నాను.

చలికాలంలో నీళ్ల పాఠం మొదలైంది. ఊళ్లో వేర్వేరు చోట్ల నీళ్లు తెచ్చి రంగు, వాసన, అడుగున చేరే మడ్డి చూడమని పుస్తకంలో ఉంది. అంతటితో సరిపెట్టకుండా నేను మండలంలోని దవాఖానకు పోయి, నాకు వరుసకు చెల్లెలయ్యే నర్సును బతిమాలి, నీళ్లు పరీక్షించే మందు ఉన్న చిన్న చిన్న సీసాలు తెచ్చాను. వాటిలో నీళ్లు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లగా మారితే ఆ నీళ్లలో మలినం కలిసినట్టు, తాగకూడదు. పిల్లలు చెరువు నీళ్లు, బోరింగు నీళ్లు, మగ్గాల వాడలోని నల్లా నీళ్లు తెచ్చి పోశారు. ఒక సీసా మిగిలింది. దాంట్లో ఏం పోద్దామంటే, దగ్గర్లో ఉందని, ఏమీ ఉండదని, మా బడి ట్యాంకు నీళ్లు పోశారు. ఏది నల్లబడుతుందో చెప్పమంటే పంతొమ్మిది మందీ చెరువని చెప్పారు. నేనూ అదే అన్నాను.

మర్నాడు బీరువా తెరిస్తే చెరువు సీసా మసకబారింది. బడి సీసా మాత్రం కాటుకలాగా ఉంది.

ఎవరో సీసాలు మార్చి ఉంటారని, దవాఖాన నుంచి మరికొన్ని సీసాలు తెచ్చి మళ్లీ చేయించాను. మళ్లీ అంతే. మూడోసారి నేనే స్వయంగా పట్టి పోశాను. ఈసారి సాయంత్రానికే నల్లబడింది. అప్పటికి రెండు వారాలుగా పిల్లలు కడుపునొప్పులని, వాంతులని బడి మానేస్తూ ఉండడం, మేమంతా చలి మార్పు అనుకుంటూ ఉండడం నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా వంటమ్మ మనుమరాలు, మూడో తరగతి పిల్ల, కామెర్లతో నల్గొండ దవాఖానలో పడి ఉంది. తల్లి లేని పిల్ల. వంటమ్మ పొద్దున మాకు వండి, మధ్యాహ్నం బస్సెక్కి దాని దగ్గరికి పోయేది. ఆ వంట కూడా ఆ ట్యాంకు నీళ్లతోనే.

పైకెక్కి చూద్దాం టీచర్ అన్నారు పిల్లలు. మిద్దె మీదికి మెట్లు లేవు, కట్టె నిచ్చెన. నేను ముందు ఎక్కాను, ఎందుకంటే పిల్లలను ఎక్కించి కింద నిలబడటానికి నాకే మనసొప్పలేదు. సిమెంటు ట్యాంకు మూత ఎప్పుడో సగానికి విరిగి ఉంది. మిగిలిన సగం జరిపి తొంగి చూశాను. కోతి. ఎన్ని రోజులయిందో, నీళ్లలో ఉబ్బి, వెంట్రుకలు ఊడి చుట్టూ తేలుతూ, ఒక పక్క తోలు జారిపోయి ఉంది. నీళ్ల మీద నూనెలాగా పొర. ఆ నీళ్లు కొత్తవి కలుస్తూ, పాతవి దిగుతూ, మా కుళాయిలోకి, మా గ్లాసుల్లోకి, మా పప్పులోకి రోజూ వచ్చాయి. నిచ్చెన మీద నా వెనకే ఉన్న గొర్లకాపరి బిడ్డ ఏముంది టీచర్, ఏముంది అని అడుగుతోంది. దిగు, ముందు కిందికి దిగు అన్నాను. ఇంత వయసొచ్చినా, కుళాయి తిప్పినప్పుడు ఒక్కొక్కసారి ఆ పొర నా కళ్ల ముందుకు వస్తుంది.

పెద్దసారుకు చెబితే ఆయన ముఖం పాలిపోయింది. పాపం అనుకున్నాను. కానీ ఆయన ముందుగా అడిగింది పిల్లల గురించి కాదు.

“ఎవలెవలు చూసిండ్రు మేడం?” అన్నాడు.

తీయడానికి మనిషి కోసం కబురు పెడితే ఎవరూ రాలేదు. చివరికి గొర్లకాపరి బిడ్డ పోయి వాళ్ల బాపును తీసుకొచ్చింది. ఆయన గొంగడి కిందపెట్టి, గోనెసంచి చేతులకు చుట్టుకుని దాన్ని తీసి, ఊరి బయటికి మోసుకుపోయి పూడ్చాడు. ట్యాంకు ఎవరు కడగాలి? బడికి స్వీపరు లేదు. వంటమ్మ కొంగు నడుముకు చుట్టింది. ముసలామె ఒక్కతే దిగుతుంటే చూస్తూ నిలబడలేక నేనూ దిగాను. మోకాటిలోతు ఆ నీళ్లలో, ఇద్దరం బ్లీచింగు వేసి, కొబ్బరిపీచుతో గోడలు రుద్దాం. మూడుసార్లు కక్కుకున్నాను. వంటమ్మ ఏడుస్తూ రుద్దింది. “నా పొల్లకు నా చేత్తోనే తాపిన గద టీచరమ్మా” అని ఒకే మాట పదేపదే అంటూ ఉంది. ఆమె చేతికందని మూలలు నేను రుద్దాను.

ఇంతవరకూ చెప్పింది కంపు కథ. అసలు రోత దీని తర్వాత ఉంది.

రెండు రోజుల తర్వాత పెద్దసారు నన్ను గదిలోకి పిలిచాడు. బల్ల మీద పారిశుధ్యం రిజిస్టరు తెరిచి ఉంది. నెలనెలా ట్యాంకు కడిగించినట్టు రాసి, సంతకం చేసే గడులు జూన్ నుంచి ఖాళీగా ఉన్నాయి. బడి పారిశుధ్య కమిటీకి కాగితం మీద ఇన్‌చార్జిని నేను. ఆ సంగతి నేనెప్పుడో మర్చిపోయాను, ఆయన మర్చిపోలేదు. కిటికీలోంచి చూస్తే పెయింటరు ఎదుటి గదుల మిద్దె మీద కూర్చుని ట్యాంకు గోడ మీద ‘శుభ్రం చేసిన తేదీ’ అని రాసి, దాని కింద పాత తేదీలు ఒక్కొక్కటీ తీరిగ్గా వేస్తున్నాడు. సంతకాలు పెట్టమన్నాడు. కడగకుండా కడిగినట్టు ఎట్లా పెట్టాలి సార్ అంటే, ఆయన గొంతు పెంచలేదు, దండం పెట్టినంత మెత్తగా అన్నాడు.

“గిది బయటపడితె ముందుగాల అడిగేది నన్ను గాదు మేడం, మిమ్మల్నే. నాకు నాలుగు నెలలున్నది. మీకు ఇంకా సర్వీసున్నది. జర సోచాయించుండ్రి.”

ఆ మాటతో పాటు రెండు పెన్నులు నా ముందుకు జరిపాడు, ఒకటి నీలం, ఒకటి నలుపు. ఒక్క పెన్నుతో వరసగా పెడితే అనుమానం వస్తుందట. నేను పెట్టాను. ఒక నెల నీలం, ఒక నెల నలుపు. ఎవరో చెయ్యి పట్టుకుని పెట్టించారని చెప్పుకుంటే బాగుండును గానీ, ఎవరూ పట్టుకోలేదు. బయటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. కోతి కుళ్లిన నీళ్లలో ముంచి తీసిన చేతులు కడిగితే వాసన పోయింది, ఇది పోలేదు.

ఆ నెలలోనే మండలంలో సైన్సు ప్రదర్శన పెట్టారు. మా పిల్లలు ఆ మూడు పరీక్షల సంగతీ, ఏ వారం ఎంతమంది బడికి రాలేదన్నదీ, ట్యాంకు బొమ్మా, అన్నీ పెద్ద చార్టు మీద తమ చేత్తో రాసి, నల్ల సీసాలు వరసగా పెట్టడానికి అట్టపెట్టె కూడా చేసుకున్నారు. మగ్గాల వాళ్ల పిల్లవాడు అంచులకు చిటికి పూలు వేశాడు. బయల్దేరే రోజు పొద్దున పెద్దసారు ఆ చార్టును చుట్టచుట్టి బీరువాలో పెట్టి తాళం వేసి, పట్నం నుంచి తెప్పించిన అగ్నిపర్వతం బొమ్మను ఆటోలో ఎక్కించాడు. థర్మాకోలు కొండ, లోపల ఎర్రబల్బు. గొర్లకాపరి బిడ్డకూ ఆ పిల్లవాడికీ నాలుగు ఇంగ్లీషు వాక్యాలు కంఠతా పట్టించారు. పట్టించింది నేనే.

ప్రదర్శనలో పెద్ద అధికారి ఒకాయన మా బల్ల దగ్గర ఆగాడు. బల్బు వెలిగింది, పొగ వచ్చింది, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన ముచ్చటపడి, ఇది నువ్వే చేశావా అని మా పిల్లను అడిగాడు. అది నా వైపు చూసింది. నేను కళ్లు దించుకున్నాను.

“లేదు సార్,” అంది. “గిది కొన్నది. మేం చేసింది బీరువల ఉన్నది. మా బడి ట్యాంకుల కోతి సచ్చి పడితె, ఆ నీళ్లే తాగినం సార్. సీసలల్ల పోసి మేమే కనిపెట్టినం.”

పెద్దసారు నవ్వు తెచ్చిపెట్టుకుని ఏదో అనబోయాడు. అధికారి ఆయనను ఆపి, నా వైపు తిరిగి, నిజమేనా మేడం అని అడిగాడు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. “పిల్లలు సార్, ఏదో ఊహించుకుంటారు. ట్యాంకు నెలనెలా కడిగిస్తున్నాం, రిజిస్టరు ఉంది” అన్నాను. ఆయన నవ్వి, ఆ పిల్ల తల నిమిరి, కథలు బాగా చెబుతున్నావే అని పక్క బల్లకు వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఏడవలేదు. నన్ను మాత్రం, ఆ బేసినులోని గొర్రె కడుపును నేను చూసినట్టే చూసింది.

ఆ తర్వాత వారం రోజులు ఏడో తరగతిలో ఎవరూ ఏదీ తేలేదు, ఏదీ అడగలేదు. నేను చెప్పింది రాసుకున్నారు. బీరువాలోంచి గైడులు తీయమన్నా తీసేవారే. ఇంతలో వంటమ్మ మనుమరాలు బతికి ఇంటికొచ్చింది. చిక్కి సగమైన పిల్లను చంకనేసుకొచ్చి నాకు చూపించి, తాళింపు పెడుతూ, నా వైపు చూడకుండానే ముసలామె అంది.

“నాతోని కలిసి ట్యాంకు కడిగినవ్ గదా టీచరమ్మా. గట్లెట్ల చెప్పినవ్?”

తిట్టినా బాగుండేది. ఆ మధ్యాహ్నం తరగతికి పోయి తలుపు దగ్గరికి వేసి, పిల్లల ముందు నిలబడి చెప్పాను, నేను అబద్ధం ఆడాను, మీరు కనిపెట్టింది నిజం, రిజిస్టరులో నేను పెట్టిన సంతకాలు దొంగవి అని. ఏదో గొప్ప మాట చెబుతున్నాననుకున్నాను. గొర్లకాపరి బిడ్డ లేచి నిలబడింది.

“మాకెర్కే టీచర్,” అంది మామూలుగా. “మీరు రెండు పెన్నులతోని సంతకం పెట్టంగ నేను కిటికీలకెల్లి సూసిన.”

అప్పుడు నా మీద నాకు కలిగిన ఏవగింపు ముందు ఆ కోతి ఎంత! ఇంటికి పోయి, జరిగింది జరిగినట్టు, నా సంతకాలతో సహా నాలుగు పేజీలు రాసి, పిల్లల చార్టును బీరువాలోంచి తీయించి దానితో పాటు పై అధికారికి పంపాను. ఏమయిందంటే, పెద్ద విశేషమేమీ కాలేదు. తప్పుడు సంతకాలు పెట్టినందుకు నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. చార్టు తిరిగి రాలేదు. పెద్దసారు ఏప్రిల్లో పూలదండలతో రిటైరయ్యాడు. ఆ సభలో ఆయనంతటి పరిశుభ్రమైన మనిషి లేడని ఎవరో అంటుంటే నేను లేచి బయటికి వచ్చేశాను. బడికి మాత్రం ఒకటి వచ్చింది. ట్యాంకుకు కొత్త ఇనుప మూత, దానికి తాళం. ఆ ఏడాది పంతొమ్మిది మంది పిల్లలు చేసిన చదువుకంతటికీ దక్కిన ఫలం అదొక్కటే. మూత పెట్టిన రోజు పిల్లలు నా దగ్గర మిగిలిన ఆఖరి సీసాలో ట్యాంకు నీళ్లు పోశారు. రెండు రోజులు చూశాం, మూడో రోజూ చూశాం. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వంటమ్మ వచ్చి, ఆ సీసాను వెలుతురుకు పట్టుకుని, కళ్లు చికిలించి చాలాసేపు చూసి వెళ్లింది.

మొన్నటి ఎండాకాలంలో నల్గొండ బస్టాండులో ఒక అమ్మాయి ఎదురొచ్చి నా సంచీ అందుకుంది. రిబ్బన్లు లేవు గానీ ఆ నవ్వు అదే. నర్సింగు చదువుతోందట. వాళ్ల అక్క బిడ్డను బడిలో వేయడానికి పోయినప్పటి సంగతి చెప్పింది. అడ్మిషను కాగితం మీద సంతకం పెట్టేముందు, మీ ట్యాంకు ఎక్కడుంది, పైకెక్కి చూస్తానని అందట. ఆఫీసులో వాళ్లు నవ్వారట. “నవ్వితె నవ్వనీ అని ఎక్కి సూసిన టీచర్. మంచిగనే ఉన్నది” అంది. నన్ను ఏమీ అడగలేదు, ఏమీ గుర్తు చేయలేదు. నా బస్సు కదిలే దాకా కిటికీ దగ్గర నిలబడి, ఎండలో తిరగకుండ్రి అని మందలించి పోయింది. క్షమించిందో, మర్చిపోయిందో, రెండూ కాదో నాకు తెలియదు. అడిగే ముఖం నాకెక్కడిది?

నేను పనిచేసిన ఆ బడిలో ఇప్పుడు పిల్లలు పదిమందికి మించి లేరని విన్నాను. మిగతావాళ్లను ప్రైవేటు బడి పసుపు బస్సు పొద్దున్నే ఎక్కించుకుపోతుందట. అక్కడ నీళ్లు డబ్బాల్లో వస్తాయి, మూత బిగించి, మీద బొమ్మతో. అవి ఎక్కడివో ఏ పిల్లా అడగదు, చెప్పాలన్నా టీచరుకూ తెలియదు. మన తరం వాళ్లం దుమ్ములో, పేడలో, నూనె కంపులో పెరిగి, అందులోంచి బయటపడటమే చదువు అనుకున్నాం. మన పిల్లలకు ఆ కంపు అంటకుండా అన్నీ కడిగి, మూతలు పెట్టి ఇచ్చాం. తప్పని అనను, ఎవరి బిడ్డా ఆ నీళ్లు తాగకూడదు. కానీ ఏది చూసి ముక్కు మూసుకోవాలో, ఏది చూసి మూసుకోకూడదో పన్నెండేళ్ల పిల్లలకు తెలిసిన రోజులు కొన్ని నేను చూశాను. ఆ తరగతి గదిలో నేను నేర్పింది తక్కువ. ఇన్నేళ్లకూ మనసులో మిగిలిన బెంగ ఒక్కటే. అంతటి పిల్లలు నా చేతికి వచ్చిన ఆ ఒక్క ఏడాదిలో, వాళ్లకు తగిన టీచరును కాలేకపోయాను.